సవరణ: 491 వీసా అంటే శాశ్వత నివాసం కాదు

ఆస్ట్రేలియాలో 'ప్రాంతీయ' (రీజినల్) అని లెక్కించే చోట్ల స్థిరపడే నైపుణ్య ఉద్యోగుల కోసం ఉన్న 491 వీసా గురించి పోయిన వారం రాసినదానిలో తప్పులు దొర్లాయి. అది నమ్మి ఉద్యోగం వదులుకోవాలనుకుంటున్నవారు దయచేసి ముందు ఇది చదవండి.

దాన్ని శాశ్వత నివాస వీసా అన్నాను. కాదు, అది ఐదేళ్ల తాత్కాలిక వీసా. కనీసం మూడేళ్లు ఆ వీసాపై ఉండి, షరతులు పాటించి, ఆ తర్వాత 191 వీసాకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. శాశ్వత నివాసం దానితోనే వస్తుంది. అప్పుడు మూడు ఆర్థిక సంవత్సరాల పన్ను మదింపు పత్రాలు చూపాలి. ఏటా 53,900 డాలర్ల సంపాదన తప్పనిసరి అని రాశాను. అలాంటి కనీస పరిమితి ఇప్పుడు లేదు. తక్కువ జీతం వల్ల ఆశ వదులుకున్నవారికి ఈ మాట ముఖ్యంగా చేరాలి.

'పల్లెల్లోనే ఉండాలి' అన్నదీ సరికాదు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగరాలు తప్ప మిగతా దేశమంతా ఈ లెక్కలో ప్రాంతీయమే. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా కూడా అందులోకే వస్తాయి. అయితే మెల్‌బోర్న్‌లో ఇల్లు పెట్టుకుని, ప్రాంతీయ నగరమైన జీలాంగ్‌లోని సంస్థకు ఇంటి నుంచి పని చేయవచ్చా అని ఒకరు అడిగారు. కుదరదు. ఉద్యోగమే కాదు, నివాసం, చదువు కూడా ప్రాంతీయ పరిధిలోనే ఉండాలి.

రాష్ట్ర ప్రభుత్వం మన పేరును ప్రతిపాదిస్తే (నామినేషన్), వీసా అర్హత లెక్కించే పాయింట్లకు మరో 15 కలుస్తాయని అప్పుడు రాసిన మాటలో మార్పు లేదు.