కోడి ఉడికింది, భయం ఉడకలేదు

బర్డ్ ఫ్లూ వార్త వచ్చిన ప్రతిసారీ నేను కోడిమాంసం మానేస్తాను. ఇది తిరుగులేని నిర్ణయం. ఇలాంటి తిరుగులేని నిర్ణయాలు ఇప్పటికి అరడజను తీసుకున్నాను. ఒక్కొక్కటీ నాలుగు రోజులకు తగ్గకుండా నిలిచింది. మానేది తినడం వరకే. ఇంట్లో మిగతావారికి వండిపెట్టే బాధ్యత నాదే కనుక, ప్రాణాలకు తెగించి వంటింట్లోకి వెళ్తాను.

ఈసారి కూర గిన్నెను శాస్త్రీయంగా విచారించాను. మాంసం లోపలి దాకా 70 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే ఈ వైరస్ కథ కంచికి చేరుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా వ్యవసాయ శాఖ ఎందుకైనా మంచిదని 74 అంటోంది. నీళ్లు మరిగేది 100 దగ్గర. ముప్పావుగంట తుకతుకలాడిన కూరలో వైరస్ బతికి ఉండాలంటే, అది పూర్వజన్మలో ఘోర తపస్సు చేసి ఉండాలి. అయినా నేను మొహం పక్కకు పెట్టుకునే గరిటె తిప్పాను.

పచ్చిమాంసం దగ్గర చూడాలి నా ధైర్యం! సింకులో వేసి, కుళాయి బారుగా తిప్పి, రెండు చేతులా రుద్ది కడిగాను. మాంసం ఎంత శుభ్రపడిందో తెలియదు కానీ, ఆరబెట్టిన పళ్లేలకు, చెంచాలకు, నా కళ్లజోడుకు ఏకకాలంలో అభిషేకం జరిగింది. ఆ తర్వాత మాంసం కోసిన పలక మీదే, అదే కత్తితో దోసకాయ కోశాను. దోసకాయకు ఉడికే యోగం లేదు. కూర వైపు చూడకుండా ఆ ముక్కలు నిశ్చింతగా నమిలాను. మిగిలిన మాంసం ఫ్రీజర్‌లో పెట్టాను, చలికి వైరస్ చస్తుందని. చావదు. అక్కడ అది హాయిగా విశ్రాంతి తీసుకుంటుంది.

బర్డ్ ఫ్లూ వైరస్‌లలో పేరుమోసిన హెచ్5ఎన్1 రకం మనుషులకు తొలిసారి సోకినట్టు తేలింది 1997లో, హాంకాంగ్‌లో. 18 మంది జబ్బుపడితే ఆరుగురు చనిపోయారు. చివరికి వేళ్లన్నీ బతికున్న కోళ్లు అమ్మే అంగళ్ల వైపే చూపాయి, వండిన గిన్నె వైపు కాదు. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద 900 పైచిలుకు కేసులు నమోదైతే, దాదాపు సగం మంది మరణించారు. వారిలో ఎక్కువమంది జబ్బుపక్షులనో చచ్చిన పక్షులనో చేత్తో పట్టినవారు, వాటి మధ్య మసలినవారు. షెడ్డులో రెట్ట ఎత్తే కూలీకి మాస్కు ఉందా, చేతికి తొడుగు ఉందా అని నేను ఎన్నడూ అడగలేదు. నా భయమంతా నా కంచం గురించే కదా.

2024లో ఈ వైరస్ అమెరికా పాడి ఆవుల్లోనూ బయటపడింది. అది పక్షుల జబ్బని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. కాచిన పాలకు అది తాళలేదు, పచ్చిపాలలో మాత్రం ఉండగలదు. ‘సహజం’ అంటూ పచ్చిపాలు గుటకలు వేసే మిత్రుడొకడు నాకు ఫోను చేసి, చికెన్ జోలికి పోవద్దని హెచ్చరించాడు.

నిన్నటికి నాలుగు రోజులు నిండాయి. కొత్తగా కొన్న వంట థర్మామీటరును ముక్కలోకి గుచ్చాను. 91. తృప్తిగా వడ్డించుకుని, నంజుకోవడానికి దోసకాయ కోద్దామని పలక అందుకున్నాను. అంచున ఎర్రటి చార ఇంకా ఆరలేదు.