హాయ్ ఫస్ట్ నేమ్, మేం మీతో కనెక్ట్ అయ్యాం

మా చిన్నాన్నతో పర్సనల్‌గా కనెక్ట్ అవ్వాలని మాదాపూర్‌లో ఒక కంపెనీ తెగ ఆరాటపడుతోంది. ఆయన ఉండేది మూసాపేటలో. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక పాత ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తూ యూట్యూబ్‌లో వీడియోలు పెడతాడు. సబ్‌స్క్రైబర్లు 1,312 మంది. అందులో పాతికమంది మా చుట్టాలు, వాళ్లు చూడరు.

ఆ కంపెనీ మెసేజ్ ఇలా మొదలైంది: 'హాయ్ ఫస్ట్ నేమ్, మీ స్కిన్‌కేర్ జర్నీ మా మనసును తాకింది.'

చిన్నాన్న చర్మం గురించి చెప్పుకోదగ్గ విశేషం ఏదైనా ఉందంటే, అది బస్సు రేడియేటర్ ఆవిరి కొట్టి మిగిలిన మచ్చ. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. "ఎవరో పిల్ల పనిల పడి పేరు రాసుడు మర్సిపోయినట్టుంది. పిలిస్తే పోకుంటే బాగుండదురా" అని ఇస్త్రీ చొక్కా తొడిగాడు. తోడు నేను.

దాని పేరు చిన్న క్రియేటర్ల ఆత్మీయ మీట్. ఎన్నికల ముందు మన ఊళ్లో కులానికొకటి పెట్టే ఆత్మీయ సమ్మేళనాల్లాంటిదే. కాకపోతే అక్కడ బిర్యానీ పెడతారు. ఇక్కడ ఓట్స్ బిస్కెట్లు రెండేసి ఇచ్చి, వాటితో సెల్ఫీ దిగి ట్యాగ్ చేయమన్నారు.

నాలుగో అంతస్తులో హాలు. కుర్చీలు లేవు, బీన్‌బ్యాగులు ఉన్నాయి. అరవై మూడేళ్ల మోకాళ్లకు బీన్‌బ్యాగు అంటే దిగుడుబావి. చిన్నాన్న కూర్చోవడమైతే కూర్చున్నాడు. కమ్యూనిటీ మేనేజర్ వచ్చి, "బ్రో, మీ స్టోరీ షేర్ చేయండి, కొంచెం వల్నరబుల్‌గా" అంది.

"ముందుగాల నన్ను లేపు తల్లీ" అన్నాడు.

ఇద్దరం లాగి నిలబెట్టాం. హాలంతా చప్పట్లు కొట్టింది. అదే ఆయన స్టోరీ అనుకున్నారు.

తర్వాత కనెక్షన్ ఎక్సర్‌సైజ్. పక్కవాళ్ల కళ్లలోకి నిమిషంపాటు మాట్లాడకుండా చూడాలి. చిన్నాన్న పక్కన కుండీల్లో వంకాయలు పెంచే ఒకావిడ. ఇద్దరూ సిగ్గుతో ఎర్రబడి ఎదురెదురుగా ఉన్నారు. ఆ మౌనంలో వినబడింది: కిట్, కిట్, కిట్. ఏసీ పనిచేయట్లేదని మూలన పెట్టిన పెడెస్టల్ ఫ్యాన్. చిన్నాన్న చూపు ఆవిడ కళ్లలోంచి జారి ఫ్యాన్ మీద ఆగింది. ఆ గదిలో ఆ రోజు నిజంగా ఎవరైనా దేనితోనైనా కనెక్ట్ అయ్యారంటే, అది అదే. వెళ్లి, ప్లగ్ తీసి, జేబులో టెస్టర్‌తో జాలీ క్లిప్పు బిగించాడు. చప్పుడు ఆగింది. ఫోన్లన్నీ లేచాయి.

మూడో రోజుకు ఆ వీడియో కంపెనీ పేజీలో ఉంది. వాళ్ల లోగో, వెనక వీణ, 'మా కుటుంబంలో ఒకరు' అని కింద రాత. వ్యూస్ లక్షల్లో. చిన్నాన్న ఛానెల్ పేరు ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడిగితే, "సార్, ఆయనకు ఎక్స్‌పోజర్ కదా!" అంది అవతలి గొంతు. బదులుగా ఒక ఫేస్ సీరం సీసా పంపి, అది వాడుతున్నట్టు వీడియో చేయమన్నారు. యాడ్ అని మాత్రం రాయొద్దట, ఆర్గానిక్‌గా ఉండాలట. వస్తువు ఉచితంగా తీసుకున్నా అది ప్రకటనేనని తెలిసేలా రాయాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే చెప్పింది. అది వాళ్లకు తెలియదా? తెలుసు. మా చిన్నాన్నకు తెలియదని తెలుసు.

సిగ్గుండాలి. ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే యూట్యూబ్‌లో వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు పన్నెండు నెలల్లో 4,000 గంటలు జనం చూడాలి. ఆయన చేసే ఆరు నిమిషాల వీడియోల లెక్కన, నలభై వేలసార్లు ఎవరో ఒకరు మొదటి నుంచి చివరిదాకా చూడాలి. షార్ట్స్ దారిలో వెళ్దామంటే 90 రోజుల్లో కోటి వ్యూస్. ఆయన ఇంకా ఆ దరిదాపుల్లో లేడు. ఫోన్ స్టాండ్ కూడా కొనకుండా బియ్యం డబ్బాకు ఆనించి తీస్తాడు. అలాంటి మనిషి పనిని ఉత్త పుణ్యానికి ఎత్తుకుపోయి, పైగా కుటుంబం అంటారా? కుటుంబమైతే పేరేంటో చెప్పండి. ఫస్ట్ నేమ్ కాదు, పేరు!

పర్సనల్ అంటే ఏంటో చూడాలంటే రాత్రి పదింటికి మూసాపేట రండి. చిన్నాన్న కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కామెంట్లకు జవాబులు రాస్తుంటాడు. నిన్న నిజామాబాద్ నుంచి ఒకతను సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందని రాశాడు. 'కెపాసిటర్ పోయినట్టుంది తమ్మీ. పాతదాని మీద 2.5 అనే ఉందా చూసి అదే కొను. మెయిన్ ఆఫ్ చేసినంకనే ముట్టు. పిల్లల్ని దూరం పెట్టు' అని రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

అప్పుడే కంపెనీ నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది: 'హాయ్ ఫస్ట్ నేమ్, వియ్ మిస్ యూ.'

చిన్నాన్న కాసేపు ఆలోచించి, 'ఫ్యాన్ మల్ల సప్పుడు చేస్తుందా అమ్మా?' అని జవాబు పెట్టాడు.