సవరణ: పడవ ట్రైలర్ బ్రేకుల్లో డాట్ 5 కలపకండి

ఇక్కడ టెక్సాస్‌లో మూడేళ్లు పెరట్లో పడి ఉన్న మా పడవ ట్రైలర్ బ్రేకులు బాగుచేసుకున్న సంగతి పోయిన వారం రాశాను. అందులో "నీళ్లలో దిగే బండి కాబట్టి డాట్ 5 ఫ్లూయిడ్ మేలు, పాతదాని మీదే పోసేయవచ్చు" అన్నాను. అది తప్పు. దయచేసి అలా చేయకండి.

డాట్ అంకెలు బ్రేక్ ఫ్లూయిడ్ (బ్రేకు ఒత్తిడిని చక్రాలకు చేర్చే ద్రవం) రకాలను చెబుతాయి. డాట్ 5 సిలికాన్‌తో చేసింది. డాట్ 3, డాట్ 4 నీటిని పీల్చుకునే గ్లైకాల్ రకం. ఈ రెండు రకాలూ కలవవు. సిలికాన్ నీటిని పీల్చుకోదన్నది నిజమే. కానీ లోపలికి చేరిన నీరు విడిగా అడుగుకు, అంటే చక్రాల దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ల దగ్గరికి దిగి అక్కడే తుప్పు పట్టిస్తుంది. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 మాత్రం గ్లైకాల్ రకమే. ఫ్లూయిడ్ పోసే మాస్టర్ సిలిండర్ మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయండి.

పాత ఫ్లూయిడ్‌ను పూర్తిగా తీసేయాలి, పైపైన నింపితే చాలదు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, నీరు పీల్చాక ఆ హద్దు 140కి పడిపోతుంది. బరువుతో పల్లం దిగుతూ వేడెక్కితే ఆవిరి పుట్టి బ్రేకు అందదు. ఈ మాట మొదటిసారే రాయాల్సింది.

లైన్లలో చిక్కిన గాలి తీసేటప్పుడు కూడా దగ్గరి చక్రం కాదు, మాస్టర్ సిలిండర్‌కు బాగా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి.

నా మాట నమ్మి ఇప్పటికే కలిపేసినవాళ్లు క్షమించండి. ఆ ట్రైలర్‌ను రోడ్డెక్కించకండి. మొత్తం ఖాళీ చేసి, లైన్లు కడిగించి, రబ్బరు సీళ్లు మార్పించాకే కొత్తది నింపండి.