నెత్తిన లైట్లు, కింద తుప్పు

బెంగళూరులో పాత పికప్ కొన్న మనవాళ్లు మొట్టమొదట చేసే పని ఏంటో చెప్తా వినండి. బండ్ల సామాన్లు అమ్మే జేసీ రోడ్డుకు పోతారు. నెత్తిన లైట్‌బార్, ముందర ఉక్కు బంపర్, పక్కన ఇంజనుకు పైనుంచి గాలి తెచ్చే స్నార్కెల్ గొట్టం, డబ్బు మిగిలితే బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్, దానికి తగ్గట్టు మడ్ టైర్లు. లక్షో రెండు లక్షలో వదిలించుకుని ఫొటో పెడతారు. కింద నిప్పుల బొమ్మలు, ‘మాస్ అన్నా’ కామెంట్లు. ఆ బండి కింద దూరి చూసినవాడు మాత్రం ఒక్కడుండడు, ఓనరుతో సహా.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పదేళ్ల బండికి ఖర్చంతా కింద ఉంటుంది. గ్రీజులో, నూనెల్లో, జాయింట్లకు తొడిగే రబ్బరు బూట్లలో, బుష్షుల్లో. అవి ఫొటోలో కనపడవు కాబట్టి ఎవరికీ అక్కర్లేదు. లైట్‌బార్ లేకపోతే రాత్రి మెల్లగా పోతాం, అంతే. ముందు చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ ఊడిపోతే చక్రం ఒకవైపు, మనం ఒకవైపు.

నా బండి ఇసుజు వీ-క్రాస్ పికప్, సెకండ్ హ్యాండ్. 2016లో మన శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ తెరిచిన ఏడాది వచ్చిన మోడలు. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను పట్టీలు, వెనక డ్రమ్ బ్రేకులు. వారమంతా కేఆర్ పురం ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కించుకుంటుంది, శని ఆదివారాలు మదనపల్లె, కదిరి వైపు గుట్టలూ వంకలూ ఎక్కి దిగుతుంది, వానాకాలంలో సకలేశపుర బురద చూస్తుంది. ఇలా వాడే బండికి షోరూం వాళ్ల సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క సరిపోదు. ఇంజనాయిలు, ఫిల్టర్లు వాళ్లు చూస్తారు, సరే. నడుం లోతు నీళ్లు దాటొచ్చావా అని మాత్రం అక్కడెవరూ అడగరు.

నీళ్ల సంగతే ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మనవాళ్లకు మోజు అక్కడే ఎక్కువ, తెలిసింది అక్కడే తక్కువ.

హైవే మీద గంటసేపు తోలుకొచ్చాక వెనక చక్రాల మధ్యనున్న హౌసింగ్, అంటే గేర్లుండే ఇనుప డబ్బా మీద చెయ్యి పెట్టి చూడండి, చుర్రుమంటుంది. లోపల క్రౌను, పినియన్ అనే గేర్లు నూనెలో తిరుగుతుంటాయి. ఆ నూనె పైన ఉన్న గాలి వేడికి వ్యాకోచిస్తుంది కదా, అది బయటికి పోవడానికి హౌసింగ్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది. ఆ వేడి మీద తిన్నగా వంకలోకి దింపుతాడు మనవాడు, వెనకాల ఫ్రెండు వీడియో తీస్తుంటాడు. చన్నీళ్లు తగలగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఖాళీ ఏర్పడుతుంది, అది బయట నుంచి లాక్కుంటుంది. బ్రీదర్ మట్టితో పూడిపోయి ఉంటే ఆయిల్ సీళ్ల అంచుల సందుల్లోంచి లాగుతుంది. బ్రీదరే నీళ్లలో మునిగితే ఇక చెప్పక్కర్లేదు. బయటికి ఏమీ తెలియదు. బండి నడుస్తుంది, ఇంటికొస్తుంది, సోమవారం ఆఫీసుకూ పోతుంది. కొన్ని నెలలకు ఎనభైలో పోతుంటే వెనక నుంచి సన్నగా ‘వూఁ’ అని మోత మొదలవుతుంది. టైర్ల చప్పుడేమోలే అనుకుంటాడు, మడ్ టైర్లు వేశాడు కదా.

ఒక ఫ్రెండు బండికి సరిగ్గా ఇదే జరిగింది. మా మెకానిక్ భాయ్ డ్రెయిన్ బోల్టు వదులు చేయగానే ముందు కొంచెం నీళ్లు, వెనకే పాలెక్కువైన కాఫీ రంగులో చిక్కటి నూనె వచ్చాయి. భాయ్ ఆ నూనె రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది, టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత బోల్టు చివర అయస్కాంతానికి పట్టిన బూడిద రంగు ముద్దను బొటనవేలి గోటితో గీకాడు. టక్కున ఏదో తగిలింది. “ముద్ద ఉంటే పర్వాలేదు సార్, అది మామూలు అరుగుదల. గోటికి రేకు తగిలిందంటే మాత్రం ఇంట్లో చెప్పేయండి, డబ్బు రెడీ చేసుకోమని.” క్రౌన్-పినియన్ సెట్టు, బేరింగులు, సీళ్లు, కూలీ. ఆ బిల్లు వాడి లైట్‌బార్, బంపర్ రెండూ కలిపినదాన్ని మించిపోయింది.

దీనికి మందేంటి? నూనె తట్టుకునే రబ్బరు గొట్టం కొన్ని మీటర్లు, నాలుగు క్లిప్పులు, చివర పెట్టడానికి చిన్న ఫిల్టరు. బ్రీదరుకు గొట్టం తగిలించి, చాసిస్ వెంట కట్టుకుంటూ బానెట్ లోపల ఎత్తుగా తెచ్చి వదలడం. కమాన్ల మీద హౌసింగ్ కిందికీ పైకీ ఆడుతుంది కాబట్టి అక్కడ గొట్టానికి కాస్త వదులు ఉంచాలి. గేర్‌బాక్సుకూ, ముందు చక్రాలకు కూడా శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకూ అలాగే చేయించుకోవచ్చు. ఒక పూట పని. నీళ్లలోకి దిగేముందు కాసేపు బండి ఆపి, టీ తాగి, హౌసింగ్ చల్లారనివ్వడానికి అయితే ఆ గొట్టం ఖర్చు కూడా ఉండదు.

స్నార్కెల్ పెట్టించాను అన్నా, నాకేం భయం అంటారు. స్నార్కెల్ కాపాడేది ఇంజనును మాత్రమే. అదీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా వరకు ప్రతి అతుకూ గాలి చొరకుండా బిగిస్తేనే. నేను చూసిన చాలా బండ్లకు పైన ఠీవిగా గొట్టం నిలబడి ఉంటుంది, లోపల ఫెండర్ దగ్గర అతుకులో వేలు దూరేంత సందు. కంపెనీ పెట్టిన నీళ్లు కారే చిన్న వాల్వు కూడా డబ్బా అడుగున అలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ మూయించరు. ఆ సందులోంచి నీళ్లు సిలిండర్లోకి పోతే ఏమవుతుంది? గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మామూలు ఇన్సూరెన్సు పాలసీలో ఇలా నీళ్లు లాక్కుని పోయిన ఇంజనుకు సాధారణంగా పైసా రాదు, దానికి వేరే యాడ్-ఆన్ కట్టుండాలి, పాత బండికి అది దొరకడమే కష్టం.

లిఫ్ట్ కిట్ల దగ్గరికొద్దాం. వీ-క్రాస్‌కు కంపెనీ నుంచే నేలకూ అడుగుకూ మధ్య 225 మిల్లీమీటర్ల ఎత్తుంది. రామనగర, కనకపుర వైపు మామూలు మట్టిదారులకు అది చాలా ఎక్కువ. అయినా ఇంకా ఎత్తాలంటారు మనవాళ్లు. ముందు చక్రాలు విడివిడిగా ఆడే సస్పెన్షన్ ఇది, బండిని ఎత్తిన కొద్దీ ముందు యాక్సిల్ షాఫ్టుల వాలు పెరుగుతుంది. ఆ వాలులో తిరిగి తిరిగి ఆ షాఫ్టు చివరుండే సీవీ జాయింటు మీది రబ్బరు బూటు మడతల దగ్గర పగులుతుంది. బూటు పగిలితే లోపలి గ్రీజు చక్రం లోపలివైపు చిమ్ముకుంటుంది, దాని చోట మన ఎర్రమట్టి, ఇసుక చేరతాయి. బూటు ధర వందల్లో తేలిపోతుంది, పట్టించుకోకుండా నడిపితే షాఫ్టు బిల్లు ఐదంకెల్లో వస్తుంది. రిమ్ము వెనక నల్లటి గ్రీజు చారలు కనపడుతున్నాయా? ఇది చూడ్డానికి మెకానిక్ అక్కర్లేదు, నడుం వంచితే చాలు.

పెద్ద టైర్ల కథ కూడా అంతే. టైరు పెద్దదైన కొద్దీ గేరింగు బరువెక్కుతుంది, క్లచ్ ఎక్కువ జారించాల్సి వస్తుంది, స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్‌లో సాయంత్రం ఆరింటికి ఆ బండి తోలేవాడి ఎడమ మోకాలిని అడగండి. కంపెనీ సైజులోనే తారుకూ మట్టికీ పనికొచ్చే మంచి ఏటీ టైర్లు వేసుకుని, చేతిలో గేజీ, వెనక చిన్న కంప్రెసరు పెట్టుకుంటే చాలు. ఇసుకలో ఇరవై పీఎస్ఐ దాకా గాలి దించితే టైరు పరుచుకుని తనే పట్టుకుంటుంది. మళ్లీ తారెక్కే ముందు నింపుకోవాలి, లేకపోతే టైరు గోడలు కాగిపోతాయి.

ట్రిప్పు నుంచి వచ్చిన మర్నాడు చేయాల్సిన పని గురించి ఎవడూ రీలు తీయడు. వెనక డ్రమ్ముల్లో బురద దూరి ఉంటుంది, ఇసుకతో కలిసి అది లైనర్లనూ డ్రమ్మునూ కలిపి అరగదీస్తుంది. చక్రం విప్పాలి, డ్రమ్ము లాగాలి, కడిగి ఆరబెట్టాలి. గ్రీజు నిపుల్ ఉన్న ప్రతిచోటా కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి, అప్పుడే లోపలి నీళ్లూ మట్టీ దాంతోపాటు వస్తాయి. చక్రాల వైపు శక్తి మోసే ప్రొపెల్లర్ షాఫ్టు చివర్లలోని యూజే క్రాసులు (మడత జాయింట్లు) ముఖ్యం. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదలగానే కింద ‘టంగ్’ మందంటే అక్కడే చూడండి. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు వదలాలి.

వాటర్ వాష్ కుర్రాడు గన్ను పట్టుకుని తిన్నగా హబ్బుల మీదా సీళ్ల మీదా కొడుతుంటే మాత్రం ఆపండి. ఆ ఒత్తిడికి నీళ్లు బేరింగుల్లోకే పోతాయి. చాసిస్ పెట్టెలా బోలుగా ఉంటుంది, లోపల మట్టి ముద్దలు కూర్చుంటాయి, తడి పట్టుకుని ఉంటాయి, తుప్పు లోపల నుంచి మొదలవుతుంది. కంపెనీవాళ్లు వదిలిన రంధ్రాల్లో కమ్మీ పెట్టి కెలికి, మామూలు పైపు నీళ్లు దూర్చి, ఎర్రనీళ్లు ఆగి తెల్లగా వచ్చేదాకా వదలాలి.

ఈ తుప్పు పేరు చెప్పి అమ్మే నల్ల అండర్ కోటింగ్ ఉంది చూశారూ, కొత్త బండికి ఏమో గానీ పాతదానికి అది శాపం. ఉన్న తుప్పు గీకకుండా దాని మీదే రబ్బరు పూత కొడతారు. పైకి నల్లగా నిగనిగలాడుతుంది, పూత వెనక తడి చిక్కుకుని తుప్పు హాయిగా తింటూ పోతుంది. వేలితో నొక్కితే పూతతో పాటు రేకు పొరలు లేచొచ్చిన బండ్లు చూశాను. వైరు బ్రష్షుతో గీకి, ప్రైమరు, పెయింటు, లోపలి బోలుకు మైనం స్ప్రే, ఇదే దారి. మా ఊరి వైపు లారీల వాళ్లు వాడేసిన ఇంజనాయిలు కొడతారు. తుప్పు ఆగుతుంది నిజమే, కానీ నూనె తగిలిన రబ్బరు బుష్షులు ఉబ్బి మెత్తబడతాయి, పార్కింగంతా జిడ్డు, ఆపైన అది కారేది మన నేలలోకే.

ఇంకో వింత. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ బై ఫోర్ బండి కొంటారు, నెలల తరబడి ఫోర్ బై ఫోర్ వేయరు. నాబ్ టూ హైలోనే, అంటే వెనక రెండు చక్రాలే లాగే చోటే ఉంటుంది. ముందు హౌసింగ్‌లో నూనె కదలక పై సీళ్లు ఎండుతాయి, కనెక్టర్లలో పచ్చటి కిలుం పడుతుంది. తీరా బురదలో దిగబడ్డాక తిప్పితే డాష్‌బోర్డులో లైటు మిణుకుతుందే తప్ప నిలబడదు. నెలకోసారి మట్టిదారిలో కాస్త దూరం ఫోర్ హైలో తోలండి. తారు మీద కాదు, మట్టిలోనే. ఈ రకం ఫోర్ బై ఫోర్‌లో ముందూ వెనకా కట్టేసినట్టు తిరుగుతాయి, పొడి తారు మీద మలుపులు తిప్పితే ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

చట్టం ముక్క కూడా చెప్పుకోవాలి. ముందర ఉక్కు బంపర్లు కుదరవని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధమని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అంటే మనవాళ్లు లక్షలు పోసి పెట్టించేవి పోలీసు ఆపితే ఫైను కట్టించేవి. గ్రీజు కొట్టినందుకు ఇప్పటిదాకా ఎవరికీ చలానా రాలేదు.

అపార్ట్‌మెంటు పార్కింగ్ బాధ వేరే. బండి పొడవు 5.3 మీటర్లు దగ్గర దగ్గర, పార్కింగ్ గీతలేమో చిన్న కార్ల కొలతకు గీసినవి. తొట్టి దారిలోకి వస్తోందని అసోసియేషన్ గ్రూపులో ఫొటోలు పడుతుంటాయి. అదే గ్రూపులో పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోయిన ప్రతివాడూ ప్రైవేటుగా మెసేజ్ పెడతాడు: “బ్రో, ఇల్లు మారుతున్నాం, బండి బాడుగకు వస్తుందా?” తెల్ల బోర్డు బండి బాబూ, బాడుగకు తిప్పకూడదు.

మా ఆవిడ అడిగే ప్రశ్న న్యాయమైనదే: ఇంత గొడవెందుకు, అమ్మేసి కొత్తది తీసుకోవచ్చు కదా? ఢిల్లీలో లాగా పదేళ్లు దాటిన డీజిల్ బండి తిప్పొద్దనే గొడవ ఇక్కడ లేదు. పదిహేనేళ్లకు ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవచ్చు, 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఫీజు 600 నుంచి 5,000 అయింది, కర్ణాటకలో గ్రీన్ ట్యాక్స్ అదనం. కొత్త పికప్ ఈఎంఐ పక్కన పెడితే ఇదో లెక్కా! ఆ రోజు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాల్సింది చాసిస్, బ్రేకులు, స్టీరింగు. కాబట్టి అమ్మను. రేటు ఎంత అని ఇన్‌బాక్సులో అడగొద్దు, స్నార్కెల్ ఏ కంపెనీది బాగుంటుందనీ అడగొద్దు. ముందు టార్చి తీసుకుని మీ బండి కింద దూరి, బూట్లూ బ్రీదరూ ఫొటో తీసి పంపండి, అప్పుడు మాట్లాడదాం. ఇల్లు మారే ఫ్రెండ్సుకు మాత్రం ఈ శనివారం బండి ఖాళీయే. బాడుగ వద్దు. బీరువా మాత్రం మీరే ఎత్తాలి.