నింద పడ్డప్పుడు నోరు విప్పడం అవిశ్వాసమా?

ఎవరి మీదైనా నింద పడగానే క్రైస్తవ సంఘంలో మొదట వినిపించే వచనం నిర్గమకాండము 14:14. "యెహోవా మీ పక్షమున యుద్ధము చేయును, మీరు ఊరకయే యుండవలెను." ఓదార్చాలనే చెబుతారు, అందులో తప్పేమీ లేదు. కాని ఆ తర్వాతి వచనం దాకా ఎవరూ వెళ్లరు. 15వ వచనంలో దేవుడు మోషేతో, నాకెందుకు మొరపెడుతున్నావు, సాగిపొమ్మని ప్రజలకు చెప్పు అంటాడు. ఐగుప్తునుంచి బయలుదేరిన ఇశ్రాయేలీయులకు వెనక ఫరో రథాలు, ముందు సముద్రం. మోషే ఊరకుండమన్నది భయంతో పెడుతున్న గోల గురించి. కాళ్లు మాత్రం కదలాల్సిందే, కదిలారు కూడా.

సగం మాటే చెప్పి పంపడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. నింద పడ్డ మనిషి చూపించాల్సిన కాగితాలు చూపించడు, విచారణకు పిలిస్తే వెళ్లడు, జవాబు చెబితే దేవుణ్ణి నమ్మనట్టేనని కుంగిపోతాడు. ఆ మౌనాన్ని అవతలివాళ్లు ఒప్పుకోలు కింద జమ కడతారు. నా దృష్టిలో దేవుడు మన పక్షాన వాదిస్తాడని నమ్మినవాడు ఆయనకు వదిలేయాల్సినవి పగ, ఫలితం. ఉన్నది ఉన్నట్టు చెప్పే బాధ్యత మాత్రం అతని మీదే ఉంటుంది.

ఏన్గెదీ గుహలో దావీదు చేసింది చూడండి (1 సమూయేలు 24). తనను చంపడానికి వచ్చిన సౌలు రాజు తన చేతికే చిక్కినా ప్రాణం తీయలేదు, పై వస్త్రపు చెంగు మాత్రం కోశాడు. సౌలు బయటికి వెళ్లాక వెనకనుంచి పిలిచి, నేను నీకు కీడు తలపెట్టానని చెప్పేవాళ్ల మాటలు ఎందుకు వింటున్నావని అడిగి, ఆ చెంగు చూపించాడు. అది సాక్ష్యం. వెంటనే, మనిద్దరి మధ్య యెహోవా న్యాయం తీరుస్తాడు, నా చెయ్యి మాత్రం నీ మీద పడదు అన్నాడు. సాక్ష్యం చూపడమూ పగ వదలడమూ ఒకే ప్రసంగంలో జరిగాయి. రెండోది చేశాడు కాబట్టి మొదటిది అవసరం లేదని దావీదు అనుకోలేదు.

జవాబు ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయాన్ని మించింది నాకు తెలియదు. కైసరయలో అధిపతి ఫేలిక్సు ముందు తెర్తుల్లు అనే వక్త పౌలు మీద నేరాలు మోపాడు: కలహాలు రేపుతున్నాడు, నజరేయుల (యేసు అనుచరుల) మతభేదానికి నాయకుడు, దేవాలయాన్ని అపవిత్రం చేయబోయాడు. పౌలు ముందు లెక్క చెప్పాడు. నేను యెరూషలేముకు వెళ్లి పన్నెండు రోజులే అయింది, మీరే విచారించి తెలుసుకోవచ్చు. ఆ తర్వాత, దేవాలయంలో గాని, సమాజమందిరాల్లో గాని, పట్టణంలో గాని నేను ఎవరితో తర్కించడమూ జనాన్ని రేపడమూ వీళ్లు చూడలేదు, రుజువు చేయలేరు అన్నాడు. అవునన్నదాన్ని అవునని ఒప్పుకున్నాడు: ఈ మార్గాన్ని అనుసరిస్తున్న మాట నిజమే. చివరికి అసలు లోటు ఎత్తి చూపాడు. గొడవ మొదలుపెట్టిన ఆసియ యూదులు ఇక్కడికి వచ్చి చెప్పాలి కదా, వాళ్లేరీ? తేదీ, స్థలం, ఒప్పుకోలు, కళ్లారా చూసిన సాక్షి. తెర్తుల్లును ఒక్క మాట కూడా అనలేదు. ఇంత చక్కటి జవాబు చెప్పినా వెంటనే విడుదల రాలేదు. లంచం ఆశించి ఫేలిక్సు అతన్ని రెండేళ్లు అలాగే ఉంచాడు. జవాబు బాగుంటే ఫలితం కూడా మన చేతికి వస్తుందనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

మరి యేసు మౌనంగా ఉన్నాడు కదా అంటారు. హేరోదు ఎన్ని ప్రశ్నలు వేసినా ఆయన జవాబివ్వలేదు, నిజమే. కాని ప్రధానయాజకుని విచారణలో ఒక బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు, నేను తప్పుగా మాట్లాడితే ఆ తప్పేదో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు (యోహాను 18:23). ఆయన తెలిసి సిలువకు వెళ్తున్నవాడు. ఆ మౌనాన్ని, చేయని దొంగతనం నెత్తిన పడిన ఉద్యోగికి చట్టంగా అంటగట్టకూడదు. 1 పేతురు 2:23 ఆయన్ని మాదిరిగా చూపేది దూషణకు దూషణ ఇవ్వకపోవడంలో, బెదిరించకపోవడంలో, న్యాయంగా తీర్పు తీర్చే దేవునికి తనను అప్పగించుకోవడంలో.

ఇక చేయాల్సిన పని. నింద తెలిసిన రాత్రి ఎవరికీ జవాబు పంపొద్దు. కాగితం మీద నిందను ఒక్క వాక్యంలో రాయాలి: ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు. వాక్యంగా రాయడానికి కుదరకపోతే అది ఇంకా పుకారే, దానికి జవాబు ఉండదు. కింద మూడు గళ్లు: నిజం, అబద్ధం, నాకు తెలియదు. ఈ పని చేస్తూ 7వ కీర్తన చదవాలి. అందులో దావీదు, నా చేత పాపం జరిగి ఉంటే శత్రువు నన్ను తరిమి పట్టుకోనీ అని 3 నుంచి 5 వచనాల్లో తనను తాను బోనులో నిలబెట్టుకుని, 8వ వచనంలోగాని న్యాయం తీర్చమని అడగడు. మనం నేరుగా 8వ వచనానికి వెళ్లిపోతాం.

"నిజం" గడిలో ఏదైనా పడితే దాన్నే ముందు ఒప్పుకోవాలి. నిందలో తొంభై పాళ్లు అబద్ధమే కావచ్చు, ఆ తొంభైని అడ్డం పెట్టుకుని మిగతా పదిని దాచడమే ఎక్కువ మంది చేసే తప్పు. ఆ పది బయటపడ్డ రోజున తొంభై గురించి చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. జెకర్యా 3వ అధ్యాయంలో సాతాను ఫిర్యాదు చేస్తుంటే ప్రధానయాజకుడైన యెహోషువ మురికి బట్టలతోనే నిలబడి ఉన్నాడు. ఆ మురికి లేదని దేవుడు అనలేదు. సాతానును గద్దించి, బట్టలు మార్పించాడు. తప్పున్నవాడి పక్షాన కూడా వాదించే దేవుడు ఉన్నాడు కాబట్టే ఒప్పుకోవడానికి ధైర్యం వస్తుంది.

ఫోనులోని మెసేజీలు ఒక్కటీ చెరపకూడదు, మనకు ఇబ్బంది కలిగించేవైనా సరే. వ్యవహారం పోలీసుల దాకానో కోర్టు దాకానో వెళ్తే ముందు వకీలును కలవాలి. పౌలు కొరడా దెబ్బలు పడకముందే తన రోమా పౌరసత్వం సంగతి ఎత్తాడు, అందులో విశ్వాసలోపం ఏమీ లేదు.

జవాబు ఒక్కటే ఉండాలి, పొట్టిగా ఉండాలి. యెరూషలేము గోడ కట్టిస్తున్న నెహెమ్యాను కిందికి రప్పించడానికి అతని శత్రువులు సన్బల్లటు, గెషెము నాలుగుసార్లు కబురు పెట్టారు, నాలుగుసార్లూ ఒకే జవాబు వెళ్లింది. ఐదోసారి, యూదులు తిరుగుబాటుకు సిద్ధమవుతున్నారని అందరూ చదివేలా విప్పిన ఉత్తరం వచ్చింది. అలాంటిదేమీ జరగలేదు, నీ మనసులోంచి కల్పించావని ఒక్క వాక్యం రాసి, నా చేతులు బలపరచు అని ప్రార్థించి పనిలోకి వెళ్లాడు. యాభై రెండు రోజుల్లో గోడ పూర్తయింది. వాట్సాప్ గ్రూపులో ప్రతి వ్యాఖ్యకూ వివరణ ఇస్తూ కూర్చుంటే గోడా లేవదు, నిందా ఆగదు.

కోపం సంగతి. 35, 109 కీర్తనలు మనం పెద్దగా చదవం, మరీ ఘాటుగా ఉన్నాయని. ఆ ఘాటు దేవుని దగ్గర కక్కకపోతే బంధువుల చెవుల్లో కక్కుతాం. ఉన్న మాటలతోనే ఆయనకు చెప్పుకోవాలి. అలాగని అవతలి ఇంట్లో జబ్బు వస్తే "చూశారా దేవుని తీర్పు" అనడం పగ వదిలినవాడి మాట కాదు.

దేవునికి గడువు పెట్టడమూ పనికిరాదు. పదిహేడేళ్ల వయసులో యోసేపు కథ మొదలవుతుంది, ఫరో ముందు నిలబడేసరికి ముప్ఫై. యజమాని పోతీఫరు భార్య వేసిన అబద్ధపు నిందతో పడిన చెరసాలలో ఊరకనే లేడు, నేనేమీ చేయలేదు, ఫరోతో నా సంగతి చెప్పమని పానదాయకుల అధిపతిని అడిగాడు. అతను మరిచిపోయాడు, ఇంకో రెండేళ్లు గడిచాయి. పోతీఫరు భార్య తన అబద్ధాన్ని ఒప్పుకున్నట్టు బైబిల్లో ఎక్కడా లేదు. యోసేపు అధికారంలోకి వచ్చాక ఆమెను పిలిపించినట్టూ లేదు.

ఒక దుర్వినియోగం గురించి గట్టిగా చెప్పాలి. నాయకుల మీద ఆరోపణ వస్తే "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న 105వ కీర్తన మాటతో అడిగేవాళ్ల నోరు మూయిస్తున్నారు. ఆ మాట దేశదేశాలు తిరుగుతున్న నిరాధారులైన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కోసం దేవుడు రాజులతో అన్నది. బలవంతుడి డాలుగా వాడుకోవడానికి ఇచ్చింది కాదు. పెద్దల మీద దోషారోపణను ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే అంగీకరించమన్న 1 తిమోతి 5:19 పక్కనే, పాపం చేసేవారిని అందరి ఎదుట గద్దించమని 20వ వచనం ఉంది. పిల్లల మీద, స్త్రీల మీద అఘాయిత్యమన్న ఆరోపణైతే సంఘ కమిటీ సొంతంగా తేల్చే పని పెట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. డబ్బు విషయమైతే పౌలు చేసినట్టు చేయాలి: యెరూషలేము పేదల చందా మోసేటప్పుడు ఎవరూ తప్పు మోపకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:18-21). కానుకలు ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు లెక్కపెట్టి, మొత్తం రాసి, అదే రోజు సంతకాలు చేయాలి. ఆరోపణ వచ్చిన కోశాధికారి విచారణ ముగిసేదాకా ఖాతా పుస్తకాలు వేరొకరికి అప్పగించి పక్కన కూర్చోవాలి, తాను నిర్దోషినని తనకు ఎంత గట్టిగా తెలిసినా సరే.