గులాబీల సమావేశంలో ఏం చూడాలి, ఏం అడగాలి

ఇండియన్ రోజ్ ఫెడరేషన్ ఆధ్వర్యంలో ఒక్కోసారి ఒక్కో నగరంలో జరిగే అఖిల భారత గులాబీల సమావేశానికి మొదటిసారి వెళ్లదలచిన మిత్రులు అక్కడ ఏముంటుందని అడుగుతున్నారు. పూల ప్రదర్శన అందులో ఒక భాగం మాత్రమే. ప్రసంగాల హాలు వైపు తొంగిచూడకుండా, పూల బల్లల దగ్గర ఫొటోలు దిగి వచ్చేసేవారు అసలు సమావేశానికి వెళ్లనట్టేనని నా గట్టి అభిప్రాయం.

పోటీ బల్లలను కూడా నిదానంగా చూడాలి. హైబ్రిడ్ టీ (పొడవాటి కాడకు సాధారణంగా ఒక్కటే పెద్ద పువ్వు పూసే గులాబీ తరగతి) పువ్వు సగం నుంచి ముప్పావు వంతు దాకా విచ్చుకుని, నడిమి మొన ఎత్తుగా నిలిచి, రేకులు చుట్టూ సమంగా విప్పారి ఉంటేనే న్యాయనిర్ణేతలు మెచ్చుతారు. ఆ తర్వాత రంగు, రేకుల దళసరి, కాడ తీరు, ఆకుల ఆరోగ్యం లెక్కలోకి వస్తాయి. ఇంటి దగ్గర మనం మురిసిపోయే పూర్తిగా విచ్చిన పెద్ద పువ్వు అక్కడ ఎందుకు ఓడిపోతుందో వారినే అడిగి తెలుసుకోండి. ప్రతి పువ్వు దగ్గరా ఉండే చీటీ మీది రకం పేరు తప్పక రాసుకోండి. మన నర్సరీల్లో చాలాచోట్ల ‘ఎర్ర హైబ్రిడ్’, ‘పసుపు హైబ్రిడ్’ అనే జవాబే వస్తుంది. పేరు తెలియని మొక్క ఎంత ఎత్తు పెరుగుతుందో, ఏ తెగులుకు లొంగుతుందో ముందుగా తెలుసుకునే దారే లేదు.

ఉష్ణ ప్రాంతపు గులాబీల మీద ప్రసంగం ఉంటే మాత్రం దాన్ని అసలు వదులుకోవద్దు. ఇప్పుడు మనం పెంచుతున్న రకాల్లో ఎక్కువ భాగం చల్లని దేశాల్లో రూపొందినవి కాబట్టే మన మే నెల ఎండకు పూలు చిన్నవైపోయి, రంగు వెలిసిపోతుంది. ఈ లోటు తీర్చడానికి ఎం.ఎస్. వీరరాఘవన్ 1980లో ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐ.ఎ.ఎస్. ఉద్యోగాన్ని స్వచ్ఛందంగా విడిచిపెట్టారు. భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో ఉంటూ, మణిపూర్ కొండల్లో పెరిగే రోజా జైగాంటియా, మైదానాల్లో నీటి ముంపును తట్టుకునే రోజా క్లైనోఫిల్లా అనే అడవి గులాబీలతో కొత్త సంకరాలు సృష్టించారు. వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరు పెట్టుకున్న గులాబీ వారు రూపొందించినదే. మన రాష్ట్రంలో పనిచేసిన అధికారి జీవితమంతా ధారపోసి తయారుచేసిన ఆ రకాలు మన నర్సరీల్లో సులభంగా దొరకకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

భోజన విరామంలో పెంపకందారుల పక్కన కూర్చోండి. హైదరాబాద్‌లో అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే సుమారు 45 నుంచి 50 రోజులకు పూలు వస్తాయి. ఆ లెక్కతోనే వారు పోటీ తేదీకి మొక్కను సిద్ధం చేస్తారు. తేమ ఎక్కువైన కోస్తాలో నల్లమచ్చ తెగులును ఎలా అదుపు చేస్తున్నారో, అంటు ఏ వేరుమూలం (అంటుకు ఆధారంగా వాడే వేళ్లున్న మొక్క) మీద కడుతున్నారో అడగండి. తెగులు సోకిన ఆకు ఫొటో మీ ఫోన్‌లో ఉంటే చర్చ సూటిగా సాగుతుంది.

నిర్వాహకులకూ ఒక మాట చెప్పాలి. ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య ప్రాంతీయ సమావేశానికే 2014లో హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. అలాంటి చోట ప్రసంగాలన్నీ ఇంగ్లీషులోనే సాగితే, మొక్కలను నిజంగా వేల ఇళ్లకు చేర్చే కడియం నర్సరీ రైతులు గుమ్మం బయటే ఉండిపోతారు. తెలుగు రాష్ట్రాల్లో జరిగే ప్రతి సమావేశంలోనూ ఒక పూట పూర్తిగా తెలుగులో నడపాలి, ఆ పూటకు నర్సరీ రైతుల నుంచి ప్రవేశ రుసుము తీసుకోకూడదు.