సంతకం తీసుకున్నారు, సంగతి చెప్పలేదు

మెడ ఆపరేషన్ అనగానే మనవాళ్లకు ఒకటే భయం, కాళ్లూ చేతులూ పడిపోతాయని. అలా జరగదని డాక్టరు ధైర్యం చెప్పగానే ఇంకేమీ అడగం. వాళ్లూ చెప్పరు. నా కోపం ఈ చెప్పకపోవడం మీదే.

మా మామగారిది హిందూపురం. మెడ దగ్గర వెన్నుపాము నలిగి, చొక్కా గుండీలు పెట్టుకోలేని స్థితి వచ్చింది. బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో వెనకవైపు నుంచి ఎముక తొలగించి ఒత్తిడి తీసేశారు. కాళ్లలో బిగుతు తగ్గింది, అందరం సంతోషించాం. వార్డుకు మార్చాక ఒక ఉదయం తల దువ్వుకోబోతే కుడిచెయ్యి పైకి లేవలేదు. వేళ్ల పట్టు మాత్రం గట్టిగానే ఉంది, దువ్వెన జారలేదు. ఎడమచేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకుని మరీ దువ్వుకున్నారాయన. అత్తగారు బావురుమన్నారు. నరం కోసేశారని ఫోన్లోనే తీర్పు చెప్పేశారు బంధువులు.

డాక్టరు వచ్చి తాపీగా, "సీ-5 పాల్సీ, అప్పుడప్పుడు వస్తుంది" అన్నారు. భుజం ఎత్తే బలం పోవడమన్నమాట. అప్పుడప్పుడేమిటి? ఇలాంటి ఆపరేషన్లలో సగటున నూటికి 5 మందికి వస్తుందని వైద్య పత్రికలే రాస్తున్నాయి. భుజం ఎత్తే కండరానికి ముఖ్య ఆధారం మెడలోని ఐదో నరం. ఒత్తిడి పోయిన వెన్నుపాము వెనక్కి జరిగి ఆ నరాన్ని లాగుతుందని ఒక వివరణ. అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కత్తి తగలకపోయినా రావచ్చన్నమాట. చాలామందికి ఫిజియోథెరపీతో కొన్ని నెలల్లో బలం తిరిగి వస్తుంది, కొందరికి రెండేళ్లు పడుతుంది, కొందరికి పూర్తిగా రాదు.

ఈ నాలుగు ముక్కలు ముందురోజు చెబితే సొమ్మేం పోయింది? రాత్రిపూట ఇంగ్లిషు, కన్నడ ఫారాలు ముందు పెట్టి వేలితో చూపించి సంతకాలు చేయించుకున్నారు. క్యాంటీన్లో కాఫీ ఇచ్చే అబ్బాయికి కూడా తెలుగు వచ్చిన ఊరు ఇది! 2008లో రోగి సమ్మతికి సంబంధించిన సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చెప్పుకోదగ్గ ప్రమాదాలను రోగికి ముందే చెప్పాలంది, ఎక్కడో అరుదుగా జరిగేవి చెప్పనక్కరలేదంది. నూటికి ఐదు అరుదా?

చెబితే రోగి భయపడతాడట. మామగారు జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు. ఆ లెక్క తెలిసినా ఆపరేషన్‌కే ఒప్పుకునేవారు, అది అవసరం కాబట్టి. కాకపోతే ఆ ఉదయం ఇంటిల్లిపాదీ వణికిపోయేవాళ్లం కాదు, ఏ పాపమూ ఎరుగని సర్జన్‌ను తిట్టుకునేవాళ్లమూ కాదు.

సంతకం చేసిన ఫారం నకలు అడిగితే ఇవ్వరట. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్న నిబంధన 2002 నుంచీ ఉంది. ఈసారి కాగితం మీద రాసి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను.